ఒడిలో వెచ్చబడ్డ గుడ్లు

మదనపల్లె బేకరీలో నా పనంతా జెల్‌తోనే. లేత పసుపు ముద్ద అది. పిండిలో కాస్త వేస్తే చాలు, నూనెనీ నీళ్లనీ విడిపోనివ్వదు. ముఖానికి పూసుకునే క్రీములో, టమాటా తోటకు కొట్టే మందులో కూడా ఇలాంటిదే ఏదో ఒకటి కలుపుతారని మా ఓనరు చెప్పేవాడు. జెల్ ఉంటే ఎవడైనా కేకు చేసేస్తాడనేవాడు. ఒళ్లు మండేది కానీ, నిజమే.

నా భార్య మాత్రం పుంగనూరులోని మా ఇంట్లోకి ఆ జెల్ డబ్బాను రానిచ్చేది కాదు. పాప పుట్టినరోజు కేకు తనే చేసేది. ముందుగా గుడ్లను కొంగులో మూటగట్టి, ఒడిలో పెట్టుకుని కూర్చునేది. కుప్పంలో వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న పద్ధతట.

"ఏంది, పొదుగుతాండావా?" అని ఏడిపించేవాణ్ణి.

"నవ్వుకోప్పా. సల్లటి గుడ్డు పోస్తే వెన్న ఇరిగిపోతాది. పచ్చసొన దాన్ని పట్టుకోవల్లంటే ఎచ్చగా ఉండల్ల" అనేది.

పోయిన చలికాలంలో ఆమె జబ్బు చేసి చనిపోయింది. ఇంట్లో నేనూ పాపా మిగిలాం. ఈసారి పుట్టినరోజు దగ్గర పడింది. ఏం కేకు కావాలమ్మా అని అడిగితే, "అమ్మ చేసేది" అంది.

ఆ రోజు సెలవు పెట్టి పొద్దున్నే మొదలుపెట్టాను. కేకులు చేసి బతికేవాణ్ణి, ఇదెంత పని అనుకున్నాను. వెన్న, చక్కెర గిలక్కొట్టి, ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లు అలాగే కొట్టి పోశాను. వెన్న పలుకులు పలుకులుగా విరిగిపోయి, నీళ్లు పక్కకు చేరాయి. ఎంత గిలక్కొట్టినా కలవలేదు. ఆ గిన్నె ముందు కూలబడి ఏడ్చేశాను. మమ్మల్ని ఇలా వదిలేసి పోయిందని ఆమె మీదే కోపం వచ్చింది.

పాప నన్ను చూసింది. బీరువాలోంచి వాళ్లమ్మ చీర తెచ్చి, మిగిలిన గుడ్లను అందులో చుట్టి, ఒడిలో పెట్టుకుని గోడకానుకుని కూర్చుంది.

"ఈడ కూసో నాయినా. తొందరపడితే రాదని అమ్మ సెప్పింది."

పక్కనే కూర్చున్నాను. చాలాసేపటికి చీర విప్పి, ఒక గుడ్డు తీసి నా చేతిలో పెట్టింది. ఒంటి వెచ్చదనం పట్టి ఉంది దానికి.

"ఇంక కొట్టు నాయినా" అంది.

ఆ వెచ్చదనాన్ని పగలగొట్టడానికి నాకు చేతులు రాలేదు.