రాజమల్లన్న మీద నా కుళ్లు

నిన్న పొద్దున షాప్‌లో ఒక కారు చక్రం విప్పుతుంటే వదిన ఫోన్ చేసింది.

"చెల్లె, మీ అన్న ఇగ లేడు" అంది. తర్వాత అంతా ఏడుపే.

పానా చేతిలో అలాగే ఉండిపోయింది. కస్టమర్ "క్యా హువా దీదీ?" అని అడుగుతున్నాడు.

రాజమల్లన్న పోయాడు. గుండెపోటట. చాయ్ తాగుతూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడట.

పొద్దున్నుంచి అందరూ ఆయన మంచితనం గురించి పోస్టులు పెడుతున్నారు. పెట్టండి, అన్నీ నిజాలే.

నేను మాత్రం నా సంగతి రాస్తాను. ఆయనంటే నాకు ఎన్నో ఏళ్లు కుళ్లు. ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు.

ఆయన నా తోడబుట్టినవాడు కాదు. సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గాల పనికని సూరత్ వచ్చాడు. అది నచ్చక, ఉధనాలో మా బాపు నడిపే టైర్ల షాప్‌లో చేరాడు. తొంభైల చివరి మాట. నాకప్పుడు పందొమ్మిదేళ్లు.

మా బాపును ఆయన కూడా "బాపు" అనేవాడు. మొదటి మంట అక్కడే.

నాకు ఆ పని నేర్చుకోవాలని ప్రాణం కొట్టుకునేది. బాపు పానా ఆయన చేతికిచ్చాడు. నాకు మాత్రం ఇద్దరికీ టిఫిన్ మోసే పని.

"ఆడిపిల్లవు, నీకెందుకే ఈ మసి" అనేవాడు.

ఆ రోజుల్లోనే సలాబత్‌పురా చీరల సేఠ్ ఒకాయన ఫారిన్ కారు మా దగ్గరికి వచ్చింది.

టైర్‌లో ట్యూబ్ లేదు. గాలి పట్టే వాల్వ్‌కు లోపలివైపు అగ్గిపెట్టెంత సెన్సర్ ఉంది. గాలి తగ్గితే డ్రైవర్ ముందు లైట్ వెలుగుతుంది. అలాంటిది మేం చూడటం అదే మొదలు.

ఇవాళ గాలి నింపితే రేపటికి చక్రం కుంగిపోతోంది. టైర్‌లో మేకు లేదు, చీలిక లేదు. బాపు వాల్వ్ నట్టు గట్టిగా బిగించి పంపాడు. కారు తిరిగొచ్చింది. ఇంకా గట్టిగా బిగించాడు. మళ్లీ వచ్చింది.

ఈసారి డ్రైవర్ కాంతిభాయ్ తన ఉద్యోగం పోతుందని దాదాపు ఏడుస్తున్నాడు.

"చాచా, సేఠ్ మేరీ నౌకరీ ఖా జాయేగా. బోల్తా హై, ఆప్‌నే హీ గాడీ బిగాడీ."

బండి పాడుచేసింది మేమేనని ఆ సేఠ్ మార్కెట్లో నలుగురికీ చెబితే మా షాప్ గడప ఎవరు తొక్కుతారు? బాపు తల వంచుకుని కూర్చున్నాడు.

రాజమల్లన్న చక్రం విప్పి నేల మీద పడుకోబెట్టాడు. వాల్వ్ మొదలు దగ్గర సబ్బునీళ్లు పోసి, గొంతు కూర్చుని చూస్తున్నాడు.

ఏమీ లేదు.

"ఏం లేదు, తియ్యిరా" అన్నాడు బాపు.

"జర ఆగు బాపు."

వాల్వ్‌ను ఒక్క వేలితో మెల్లగా పక్కకు నెట్టాడు. ఆవగింజంత బుడగ లేచింది. దాని వెనకే ఇంకోటి.

టైర్ ఊడదీసి సెన్సర్ బయటికి తీశాడు. దానికీ రిమ్ముకూ మధ్య ఉండే రబ్బర్ రింగ్ నలిగి, పగిలిపోయి ఉంది.

మొదట్లో గాలి పోవడానికి రిమ్ముకు పట్టిన చిలుము కారణమైనా, రింగ్ పగిలింది మాత్రం నట్టు అతిగా బిగించడం వల్లే. బిగించింది బాపు. ఆ సంగతి బాపుకు తెలిసింది, నాకూ తెలిసింది.

కాంతిభాయ్ ఏమైందని అడిగాడు.

"రబ్బర్ పురానా హో గయా, భాయ్" అన్నాడు రాజమల్లన్న, తల ఎత్తకుండానే. తప్పంతా పాతబడిన రబ్బర్ మీదికి తోసేశాడు.

అప్పుడు బాపు ఆయన వైపు ఒక చూపు చూశాడు.

నేనైతే "నువ్వే గదనే బిగించినవ్" అని అందరి ముందు అనేసేదాన్ని. నా సంగతి నాకు తెలుసు. అందుకే ఇంకా మండింది. అలాంటి చూపు బాపు నా వైపు ఎన్నడూ చూడలేదు.

రాజమల్లన్న బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లులో ఎవరో దోస్తును అడిగి, ఆవిరికీ వేడికీ తట్టుకునే రింగ్ ఒకటి తెచ్చాడు. రిమ్ము రంధ్రం చుట్టూ పట్టిన తెల్లటి చిలుమంతా గీకాడు. కానీ రింగ్ ఆయన మొద్దు వేళ్లకు మెలిపడిపోతోంది.

"చెల్లె, నువ్వు రా."

నేను కదల్లేదు. బాపు వైపు చూశాను.

"బాపును జూస్తవేంది? చిన్నప్పటి సంది మగ్గాలకు నూలు కండెలు చుట్టిన చేతులు నీయి. పోగు సన్నగైతె కండ్లకన్న ముందు నీ వేళ్లకే ఎరుకైతది. పెట్టు."

పెట్టాను. మెలి లేకుండా కూర్చుంది.

"నట్టు బిగువు తాకంగనే ఆగు. ఎక్కువ తిప్పితె రబ్బరు సస్తది" అన్నాడు.

గాలి నింపి సబ్బునీళ్లు పోశాం. ఒక్క బుడగ లేవలేదు. కారు ముంబై పోయి వచ్చినా లైట్ వెలగలేదని కాంతిభాయ్ దూద్‌పేడా మిఠాయి డబ్బా పట్టుకొచ్చాడు.

ఆ రోజే రాజమల్లన్న అన్నాడు. "బాపు, రేపటి సంది చెల్లె గూడ పని జేస్తది."

బాపు సరే అన్నాడు!

నేను ఏళ్ల తరబడి బతిమాలిన దానికి ఆయన ఒక్క మాట చాలింది. సంతోషం పట్టలేకపోయాను. కడుపు కూడా రగిలిపోయింది. రెండూ నిజమే.

తర్వాత ఆయన హజీరాలో కంపెనీ బస్సుల వర్క్‌షాప్‌కు వెళ్లిపోయాడు. నేను డిండోలిలో సొంత షాప్ పెట్టుకున్నాను. ఇప్పుడు చాలా కార్లలో ఆ సెన్సర్లే, నాకు సగం పని వాటి చుట్టూ పోయే గాలితోనే. బోర్డు మీద ఉన్నది నా పేరు. జనం మాత్రం "రాజమల్లు చెల్లె షాప్" అనే అంటారు. విన్నప్పుడల్లా ఒళ్లు మండేది.

నిన్న సాయంత్రం శ్మశానం నుంచి వచ్చాక గానీ బాపుకు చెప్పలేకపోయాను. బాపు ఇప్పుడు లేవలేడు, నా దగ్గరే ఉంటాడు. స్నానం, అన్నం అన్నీ నా చేతి మీదే.

అమ్మ పోయినప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి. నిన్న మంచం పట్టె పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"నా పెద్దకొడుకు పోయిండు బిడ్డా."

తల నా భుజానికి ఆనించుకుని పట్టుకున్నాను. అప్పుడు కూడా మనసులో ఒకటే మాట. నేను పోతే బాపు ఇట్లా ఏడుస్తాడా?

చూశావా అన్నా, నువ్వు పోయినా నాకు కుళ్లే.

కానీ నేనిప్పుడు ఎవరిని చూసి కుళ్లుకోవాలి? పోట్లాడటానికైనా ఇంకో అన్న లేడు నాకు.

పోయిరా అన్నా. నీ ప్రాణం చల్లగుండాలె.