డికాక్షన్ రంగు నది

మా కింది ఫ్లోర్ అంకుల్ పోయారు. పోయిన నెలలో ఓ మంగళవారం పొద్దున నేను ఆఫీస్ కాల్‌లో ఉండగా వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టింది. కాల్ కట్ చేయలేదు. మ్యూట్‌లో పెట్టి ఏడ్చి, మళ్ళీ అన్‌మ్యూట్ చేసి స్టేటస్ చెప్పాను. నేనెలాంటి మనిషినో మీకు ముందే తెలియాలి.

న్యూజెర్సీ పార్సిప్పనీలో మా కాంప్లెక్స్ నిండా లాప్‌టాప్ బ్యాచ్. ఆయనొక్కరే రిటైర్డ్ జియాలజిస్టు. కుర్రతనంలో కెనడా వచ్చి, ఒంటారియోలో మొయిరా అనే నదిని రెండు వేసవులు సర్వే చేశారట. తర్వాత అమెరికాలో ఉద్యోగం, సంసారం. ఎన్ని నదులు చూసినా ఆయన నోట వచ్చేది మాత్రం ఆ ఒక్కటే.

"పైనంతా అడవమ్మా, గ్రానైట్ రాయి. ఆకులూ బెరడూ నాని నీళ్ళు ఇదిగో, ఇలా వస్తాయి," అని, ఆదివారం కాఫీకి వెళ్ళినప్పుడల్లా స్టీలు గ్లాసులో డికాక్షన్ చూపించేవారు. "ట్వీడ్ అని చిన్న ఊరుంది. అది దాటాక సున్నపురాయి, పొలాలు. అక్కడ గట్టి వాన పడిందనుకో..." అంటూ పాలు పోసేవారు. నది లేక్ ఒంటారియోలో కలిసేలోపు నా కాఫీ చల్లారిపోయేది.

నాకెప్పుడూ గట్లు తారుమారయ్యేవి. "నది ఎటు పోతోందో అటు తిరిగి నిలబడు. నీ కుడిచెయ్యి వైపుదే కుడి గట్టు. దాన్ని నీవైపు తిరగమంటే తిరగదమ్మా," అని నవ్వేవారు.

చూపు మందగించి డ్రైవింగ్ మానేశాక, ఓ రోజు మ్యాప్ తెచ్చారు. ట్వీడ్ దిగువన ఒక వంతెనకి ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి, "లాంగ్ వీకెండ్‌కి తీసుకెళ్తావా అమ్మా?" అన్నారు. ఆయన నన్నడిగింది అదొక్కటే.

"నా వీసా స్టాంప్ ఎక్స్‌పైర్ అయింది అంకుల్. బోర్డర్ దాటితే తిరిగి రానివ్వరు," అన్నాను.

అబద్ధం. స్టాంప్ అయిపోయినా, అమెరికాలో ఉండే గడువు రాసుండే ఐ-94 కాగితం వాలిడ్‌గా ఉంటే కెనడా వెళ్ళి ముప్పై రోజుల్లోపు వచ్చేయొచ్చని లాయర్ అప్పటికే ఈమెయిల్ పెట్టాడు. నయాగరా అవతలి వైపు చూడాలన్న మోజులో తీసుకున్న కెనడా వీసా కూడా ఉంది. వీసాల మీద బతికేవాళ్ళం, ఈ రూల్స్ మాకు తెలియకపోవడమేంటి! అసలు సంగతి బద్ధకం. మూడు రోజులు సెలవొస్తే ఆరేడు గంటలు డ్రైవ్ చేసి రాళ్ళ కబుర్లు వినాలా అనిపించింది.

ఆ ఏడాదంతా అడిగినప్పుడల్లా అదే మాట చెప్పాను. "పేపర్లు ముఖ్యం, నది ఎక్కడికి పోతుందిలే," అని ఆయనే నన్ను ఓదార్చేవారు. తర్వాత అడగడం మానేశారు. మర్చిపోయారనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

అంత్యక్రియలయ్యాక వాళ్ళమ్మాయి ఆ మ్యాప్ నా చేతికిచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు వెతుక్కుంటూ మాట్లాడుతుంది.

"డాడీ మీ వీసా గురించి నన్ను అడిగాడు. నేను చెక్ చేసి చెప్పాను, థర్టీ డేస్ లోపల ఓకే అని. మీకు చెప్పలేదా?"

"ఎప్పుడడిగారు?"

"టూ ఇయర్స్ అయింది."

రెండేళ్ళు! అంతా తెలిసి కూడా, నా మొహం చిన్నబోకుండా చూసుకుంటూ, ప్రతి ఆదివారం నాకు కాఫీ కలిపిచ్చారు. అక్కడే భూమిలోకి కుంగిపోతే బావుండుననిపించింది.

మొన్న శనివారం వెళ్ళాను. వంతెన మీద, నది పోయే వైపు తిరిగి నిలబడ్డాను. కుడి గట్టున మొక్కజొన్న. వానల్లేవు మరి, కింద నీళ్ళు అచ్చం డికాక్షనే. "నిజమే అంకుల్," అని పైకే అనేశాను. ఎవరూ లేరు.

తిరిగొస్తుంటే బోర్డర్‌లో ఆఫీసర్ పాస్‌పోర్ట్, ఐ-94 చూశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎందుకెళ్ళావన్నాడు. నది చూడ్డానికన్నాను. వంగి పక్క సీట్లోకి చూశాడు. అక్కడ మ్యాప్ ఉంది, ఎర్ర సున్నా పైకి కనబడేలా.

ఒక్కదానివేనా అని అడిగాడు. ఒక్కదాన్నే అన్నాను. గేటు లేచింది.