నాలుగు దెబ్బలకు ఒక ఊపిరి

ఈ సంగతి మా సంఘం బయట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆళ్లగడ్డ శిల్పులకు మా సంఘం మాస్కులు పంచింది ఆదివారం. దాని నివేదిక నేను శనివారమే రాసేశాను. "శిల్పులందరూ ఎంతో సంతోషంగా మాస్కులు ధరించి తమ పనిలో నిమగ్నమయ్యారు" అన్న వాక్యం నంద్యాలలో, మా వంటింటి గడప పక్కన కూర్చుని రాశాను. అప్పటికి ఒక్క శిల్పినీ దగ్గర నుంచి చూసి ఎరగను. పైగా ఆ వాక్యం నాకు నచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను.

అబద్ధం రాస్తున్నానని అప్పుడు అనిపించలేదు. సోమవారానికల్లా సేవా సంఘాల నివేదికల పోటీకి పంపాలి, ఆదివారం తిరిగొచ్చాక తీరిక ఉండదు. మా అధ్యక్షుడు ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే అన్న. ఆయనే దారి చూపించాడు. "పోయిన నెల కండ్లద్దాల రిపోర్టు ఉంది గదమ్మా. దాంట్లో కండ్లద్దాలు తీసేసి మాస్కులు పెట్టు. అంతే పని."

నంద్యాలలో ఉద్యోగాలు, చిన్న వ్యాపారాలు చేసుకునే వయసువాళ్లం కలిసి నడుపుకునే సంఘం మాది. నెలకొక సేవా కార్యక్రమం చేస్తాం. వారం వారం ఒక ట్యుటోరియల్ గదిలో కూడి, ఒక్కొక్కరం లేచి రెండు నిమిషాలు మాట్లాడతాం. భయం పోవడానికట. నాకు మాత్రం ఆదివారం భయం శుక్రవారం నుంచే మొదలయ్యేది. నేను విత్తనాల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. తడి కాగితం మీద గింజలు వరుసగా పేర్చి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి రిజిస్టరులో రాయడం నా ఉద్యోగం. ఆ రిజిస్టర్ల కింద ఎప్పుడూ ఒక నవల ఉంటుంది. ల్యాబులో నాకంటే పెద్దదైన ఒక అక్క బలవంతం మీద సంఘంలో చేరాను. నా వంతు వచ్చినప్పుడు లేచి పేరు, ఉద్యోగం, ధన్యవాదాలు చెప్పి కూర్చునేదాన్ని. మిగిలిన నిమిషమున్నర అందరూ మర్యాదగా గోడ గడియారం వైపు చూసేవాళ్లు. మాట్లాడని పిల్ల ఎలాగూ రాస్తుంది కదా అని నన్ను కార్యదర్శిని చేశారు.

ఆ ఆదివారం రెండు కార్లలో వెళ్లాం. ఆళ్లగడ్డ రోడ్డు పక్క షెడ్ల దగ్గర దిగగానే నన్ను ఆపింది ఆ తెల్లదనం. చెక్కుతున్నది నల్లరాయి. దాని పొడి మాత్రం తెల్లగా ఉంది. రేకుల మీద, వేపాకుల మీద, మనుషుల కనుబొమల మీద అదే. నల్లరాతిలో ఇంత తెలుపు ఎక్కడ దాగి ఉందో అడగాలనిపించింది. ఎవరిని అడగాలో తెలియక డైరీలో రాసుకున్నాను.

బ్యానర్ కట్టారు. మాస్కులు పంచారు. ఫోటోకి అందరూ వేసుకున్నారు, ఒక్కరు తప్ప. ఆయన ఆ షెడ్డులో ముఖాలు చెక్కే పెద్దాయన. ఒంటి నగలు, చీర మడతలు ఎవరైనా చెక్కుతారట గాని, ముఖం దగ్గరికి వచ్చేసరికి విగ్రహాన్ని ఆయన ముందుకు దొర్లించుకుని వస్తారు. మేమిచ్చిన మాస్కును ఆయన జేబులో పెట్టుకుని, ఫోటో అయ్యేదాకా ఉలి పట్టుకుని ఓపికగా కూర్చున్నాడు. మధ్యలో దగ్గాడు. ఆ దగ్గు అంత తొందరగా ఆగలేదు.

ఆయన భార్య పక్కనే తడిరాయిని నున్నగా రుద్దుతోంది. అందరూ కార్ల వైపు కదిలాక తడిచేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆయనను నంద్యాలలో డాక్టరుకు చూపించారట. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందని, ఇంకా చేరితే ఉలి కింద పెట్టాల్సిందేనని ఆ డాక్టరు చెప్పాడట.

"ఉలి ఇడిసిపెట్టమంటే ఈయప్ప ఇడిసేది లేదు పాపా. మూతికన్నా కట్టుకొమ్మను. నా మాట ఇనడు. సదువుకున్న పిల్లవు, నువ్వు జెప్పు."

నేను తలూపాను. ఒక్క మాట కూడా చెప్పకుండా కారెక్కాను. శిరివెళ్ల దాటుతుండగా అధ్యక్షుడు అన్న నివేదిక అడిగితే ఫోనులోంచి పంపించాను. ఆమె చేతి తడి నా మణికట్టుకు ఇంకా ఉంది.

రెండు వారాలు ఆ వాక్యం నన్ను వదల్లేదు. తప్పు చేశానన్న బాధకంటే, అది నిజమైందో లేదో చూడాలన్న ఆశే ఎక్కువ. మొలక లెక్కలో కూడా నాకంతే. గింజ మొలవకపోతే బాధ లేదు, ఎందుకు మొలవలేదో తెలియకపోతే నిద్ర పట్టదు. రెండో శనివారం సెలవు రోజున ఇంట్లో సంఘం పని అని చెప్పి, ఒక్కదాన్నే బస్సెక్కాను. వాళ్లతో ఏం మాట్లాడాలో దారి పొడవునా మనసులో అనుకుంటూనే ఉన్నాను. షెడ్డు ముందు నిలబడేసరికి అంతా పోయింది.

"ఊరికే వచ్చినా" అన్నాను.

పెద్దాయన తలెత్తి చూశాడు. "నంద్యాల నుంచి ఊరికే ఎవురొస్తారు పాపా? ఏందీ, ఫోటో సరిగ్గా రాలేదా?"

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే మా మాస్కులు ఎక్కడున్నాయో వెతికాను. ఒకటి నీళ్ల కడవకు మూతగా ఉంది. ఒకటి మేకుకు వేలాడుతోంది, దాంట్లో చిన్న ఉలులు ఉన్నాయి. ఇంకొకటి సగం చెక్కిన సింహం మూతికి కట్టి ఉంది. దాని జూలు చెక్కుతున్న ఆయన నా చూపు గమనించి, ఈ షెడ్డులో మాట వినేది ఇదొక్కటేనన్నాడు.

పెద్దాయన మాస్కు మాత్రం ఆయన మెడలోనే ఉంది, గడ్డం కిందికి జారి. అంటే పారేయలేదు. వేసుకుంటున్నాడు, మళ్లీ దించుతున్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే దాని లోపలివైపు కూడా బూడిదరంగు తేలింది. నోటివైపు దుమ్ము ఎలా వచ్చింది?

ఆయన భార్య ఒక రాతిపలక చూపించి కూర్చోమంది. మాటలు రావు కాబట్టి చూస్తూ కూర్చున్నాను. ఆయన ముందు ఒక అమ్మవారి ముఖం ఉంది. ఎర్రరంగుతో గీసుకున్న గీత మీద ఉలి ఆనించి కొడుతున్నాడు. నాలుగు దెబ్బలు. ముఖం వంచి ఊదడం. మళ్లీ నాలుగు దెబ్బలు, ఊదడం. మాస్కు మూతికి లాక్కున్నప్పుడల్లా నాలుగో దెబ్బకు దాన్ని భుజంతో కిందికి తోస్తున్నాడు. కొంతసేపటికి తోయడం మానేసి గడ్డం కిందే వదిలేశాడు.

డైరీ తీసి గీతలు పెట్టడం మొదలుపెట్టాను. ఊదినప్పుడల్లా ఒక గీత. మొదటి పేజీ నిండాక నాకు ఇంకొకటి కనిపించింది. ఊదే ముందు ఆయన గాలి పీలుస్తున్నాడు. అది కూడా ముఖం రాతికి జానెడు దూరంలోకి వచ్చాకే. అప్పటికి నాలుగు దెబ్బల పొడి అక్కడే లేచి ఉంటోంది. అప్పటిదాకా నేను ఊదడమే చూశాను గాని పీల్చడం చూడలేదు.

"ఊదే ముందు పీలుస్తాండారు పెద్దాయనా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన సుత్తి ఆపాడు. "పీల్చకుండ యాడ ఊదేది?"

"పీల్చేది ఆ పొడినే."

ఆయన మళ్లీ నాలుగు దెబ్బలు కొట్టాడు, వంగాడు, పీల్చబోయి ఆగి నావైపు చూశాడు. తర్వాత ఊదనే ఊదాడు. ఊదకపోతే గీత కనపడదన్నాడు. నీళ్లు చల్లితే ఎర్రగీత కొట్టుకుపోతుంది, రాయి అంతా ఒకే నలుపై లోతు తెలియదు. మరి బ్రష్షు? దానికి ఆయన రెండు చేతులూ ఎత్తి చూపించాడు. ఒక చేతిలో ఉలి, ఒక చేతిలో సుత్తి.

"మూడో చెయ్యి యాడుంది? ఊపిరికి చెయ్యి అక్కర్లే."

ఆయన భార్య రుద్దడం ఆపి వింటోంది. ఇన్నేళ్లుగా మొండితనం అనుకున్నానని తర్వాత నాతో అంది. మొండితనమూ ఉంది, కాదనను. కాని అంతకుమించి అది ఆయన పని తీరు. ఆ పనికి మా మాస్కు అడ్డం.

తర్వాతి ఆదివారం నా రెండు నిమిషాలు వచ్చాయి. మాట్లాడకపోవడానికి నాకొక మంచి కారణం కూడా దొరికింది. మా నివేదిక బహుమతి దాకా వెళ్లే వరుసలో ఉందని అంతకుముందే అధ్యక్షుడు అన్న ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లేచి పేరు చెప్పాను. ఉద్యోగం చెప్పాను. ధన్యవాదాలకు బదులు, ఆళ్లగడ్డలో మాస్కులు ఎవరూ వేసుకోవడం లేదన్నాను.

గదిలో ఎవరూ గడియారం చూడలేదు.

అధ్యక్షుడు అన్న మెల్లగానే అడిగాడు. "మాస్కులు ఇచ్చినామమ్మా. ఇంగ మూతికి కట్టేది గూడ మనమేనా?"

కొందరు నవ్వారు. కూర్చునేదాన్నే. వెనక వరసలోంచి మొబైల్ రిపేరు షాపు నడిపే అన్న ఒక ప్రశ్న వేశాడు. మాటకు ముందు చేత్తో పనిచేసే మనిషి ఆయన. ఆయనకు బహుమతులతో పనిలేదు, చెడిపోయినదేదైనా చాలు.

"ఎన్ని దెబ్బలకు ఒకసారి ఊదుతాడు?"

అది నాకు తెలుసు. నాలుగు అన్నాను. గీత సన్నగా ఉంటే మూడు. ముఖం ఎంత దగ్గరికి వస్తుంది, ఎటువైపు ఊదుతాడు, ఎలా కూర్చుంటాడు, ఏ మోకాలు ఖాళీగా ఉంటుంది అని ఆయన అడుగుతూ పోయాడు, నేను డైరీ తెరిచి చెబుతూ పోయాను. ఆ మనిషికి ఏమవుతుందో కూడా చెప్పాను. ఊదడం మానలేడు, ఊదితే ఉలి వదలాలి. రెండు నిమిషాలకు కొట్టే గంట కొట్టారట. నాకు వినపడలేదు.

ఫోను లోపలి దుమ్ము ఊదడానికి ఆ అన్న వాడే రబ్బరు బుడ్డి ఒకటుంది. నొక్కితే ముక్కులోంచి గాలి వస్తుంది. దానికి సెలైను గొట్టం తగిలించి, గొట్టం చివర ఖాళీ బాల్ పెన్ను మొన పెట్టాడు. బుడ్డి మోకాలి కింద, గొట్టం ఉలి పట్టిన చేతి వెంబడి. మొదటిది నొక్కితే గొట్టం పాములా ఎగిరి ఆయన టీ గ్లాసును పడగొట్టింది. రెండోదానికి గాలి చాలలేదు. మూడోదాన్ని పరీక్షించడానికి కౌంటరు మీద నేను గోధుమపిండి పోశాను. మూడు సాయంత్రాలు ఆ షాపులో కూర్చున్నాను. ఎవరో నన్ను కొత్తగా పనికి చేరిన పిల్ల అనుకుని ఫోను చేతికిచ్చి, ఛార్జింగ్ ఎక్కడం లేదు చూడమన్నారు.

నివేదికకు ప్రశంసాపత్రం వచ్చింది. ట్యుటోరియల్ గదిలో తగిలించారు. నేను దానికి వీపు పెట్టి కూర్చుంటాను. జరిగింది జరిగినట్టు ఇంకొక నివేదిక రాసి అధ్యక్షుడు అన్నకు ఇస్తే, పోటీకి ఇది పనికిరాదన్నాడు. కాని చదివాక, ఈసారి ఆళ్లగడ్డకు తన కారు తీసుకుపొమ్మన్నాడు. బ్యానర్ సంగతి ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

రిపేరు అన్న, నేను వెళ్లేసరికి అదే అమ్మవారి ముఖం ఇంకా పూర్తి కాలేదు. పెద్దాయన మా బుడ్డిని తిప్పి తిప్పి చూసి, ఆటో హారనా అని అడిగాడు. సింహం చెక్కే ఆయన నోటితో హారన్ కొట్టాడు. అయినా పెద్దాయన దాన్ని మోకాలి కింద పెట్టుకున్నాడు. గొట్టాన్ని భార్య ఆయన మణికట్టుకు గుడ్డపీలికతో కట్టింది. మాస్కు ఎక్కించింది కూడా ఆమే. ఆయన వద్దనలేదు.

నాలుగు దెబ్బలు. మోకాలితో బుడ్డి నొక్కాడు. పొడి లేచిపోయి ఎర్రగీత బయటపడింది. ఆయన వంగలేదు. మళ్లీ నాలుగు. బుగ్గ అయింది, ముక్కు పక్క గీత అయింది. ఆమె చేతిలో రుద్దుడురాయి నీళ్లు కారుతూ అలాగే ఉండిపోయింది. నేను డైరీ తెరిచాను గాని గీతలు పెట్టడానికి చెయ్యి ఆడలేదు.

కంటి దగ్గరికి వచ్చాక ఆయన ఆగాడు. మోకాలితో రెండుసార్లు నొక్కాడు. గొట్టం మొన అటూ ఇటూ తిప్పాడు. తర్వాత మాస్కును భుజంతో కిందికి తోసి, వంగి, పీల్చి, నోటితో ఊదాడు.

రిపేరు అన్న చెప్పులు వేసుకోవడానికి లేచాడు. ఆమె తల తిప్పేసి మళ్లీ రాయి రుద్దడం మొదలుపెట్టింది. నేనూ సంచి సర్దుకున్నాను. ఆమె భుజం మీద చెయ్యి వేశాను. మేము రోడ్డు దాకా వెళ్లాక వెనక నుంచి పిలుపు వినిపించింది. తిరిగి చూస్తే ఆయన మాస్కు మళ్లీ మూతి మీదే ఉంది, మాట దాని వెనక నుంచి వస్తోంది.

"పాపా, ముక్కు కాడికి గాలి బాగనే పోతాంది. కంటి మూలకే పోలే. మళ్లొచ్చేటప్పుడు ఇంగ సన్న మొన ఉండేది తీస్కరాండి."