జైలు గేటు దాకా

వ్యాసర్పాడిలో బస్సెక్కిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. మెడలో సిలువ, ఒళ్లో టిఫిన్ డబ్బా. తన కొడుకును లారీతో గుద్ది చంపిన డ్రైవరును చూడటానికి జైలుకు వెళ్తున్నానంది. క్రీస్తు వాడి పాపానికి కూడా ప్రాణమిచ్చాడని చెప్పింది.

ప్రయోగశాలలో పెరిగిన బుద్ధి నాది. ఆధారం అడగకుండా ఉండలేను. "క్రీస్తు ప్రాణమిస్తే ఆ డ్రైవరు పాపం ఎలా తీరుతుందమ్మా?"

"లాయరు మాదిరి అడగతా ఉండావే! అది నాకూ తెలీదు నాయనా. వాణ్ణి క్షమించే బలం నాకాడ లేదు. వాడి తప్పుకీ, నా పగకీ కలిపి ఆయనే ప్రాణమిచ్చినాడని నమ్మితేనే ఆడ కాలు పెట్టగలను."

"ఆ నమ్మకం చాలకపోతే?"

"గేటు కాడ తెలుస్తాది. పోయినసారి ఆణ్ణుంచే తిరిగొచ్చేసినా."

జైలు స్టాపులో ఆమె దిగింది. బస్సు మలుపు తిరిగేదాకా వెనక్కి చూశాను. ఆమె గేటు ముందు కాసేపు నిలబడి, దాన్ని దాటి లోపలికి నడిచింది. ఆ అడుగును నేను కళ్లారా చూశాను. దాని కారణాన్ని మాత్రం ఇంకా వెతుకుతున్నాను.