గొట్టం ముందు నిలబడ్డ మూడో ఎలుక

ఎలుకంటేనే చీదరించుకునే మనిషి ఎలుకల మధ్య పదకొండేళ్ళు పనిచేసిందంటే నమ్ముతారా? ఆవిణ్ణి ఆ మందుల పరిశోధనశాలలో అందరూ ఎలుకలక్క అంటారు. ఎలుకల్ని ఉంచే కేజీల్లో కింద పరిచిన పొట్టు మార్చడం, నీళ్ళ సీసాలు కడగడం, పొద్దున్నే ఎలుకల నోట్లో సన్నటి స్టీలు గొట్టం పెట్టి మందు పోయడం ఆవిడ పని. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేసినా సరే, ముద్ద నోటిదాకా రాగానే ఎలుకల ఉచ్చ కంపు కొడుతుంది. ఛీ, ఏం బతుకు అనుకుంటూనే మింగుతుంది.

ఈసారి మందు మోకాళ్ళ నొప్పులకి. ఏదో మొక్క ఆకుల సారమట, చూడ్డానికి మురిక్కాలవ అడుగు బురదే. అన్నిటికంటే ఎక్కువ మోతాదు పోసే కేజీలో ఆరు ఎలుకలు. ఏది ఎన్నోదో తెలియడానికి తోకల మీద ఒకటి నుంచి ఆరు దాకా పెన్నుతో గీతలు. ఇరవై ఎనిమిది రోజులు రోజూ తాగించాక ఆరూ బాగుంటే, ఆ మందు మనుషులకిచ్చి చూస్తారు. ఆ మనుషుల జాబితాలో ఎలుకలక్క సొంత అక్క పేరుంది. మెట్లెక్కలేని మనిషి. రోజూ ఫోను చేస్తుంది.

"ఎలుకలు బాగున్నాయిటే?"

"నీకంటే నయం. తిని పడుకుంటున్నాయి."

నిజానికి వాటికి నాలుగో రోజుకే ఆ గొట్టం సంగతి తెలిసిపోయింది. అది కనపడితే చాలు, ఆరూ మూలకి పోయి ఒకదాని మీదొకటి పడతాయి.

పద్దెనిమిదో రోజు శనివారం. మూడోది వెంట్రుకలు నిక్కబొడుచుకుని, వీపు గూనిగా పెట్టుకుని కూర్చుంది. కింద పొట్టంతా పలచటి విరేచనం. అయినా పని పనే కదా, దాన్ని పట్టుకుని ఆ రోజు మందూ పోసింది. రోజూ నింపే కాగితం మీద "మూడోది బాగాలేదు" అని రాసింది. ఆదివారం ఆవిడకి సెలవు, ఆ రోజు మందు పోసేది ఆ పరీక్ష చూసే కుర్రసారే.

సోమవారం వచ్చేసరికి తోక మీద మూడు గీతలతో మూడోది కేజీ అంతా పరుగులు పెడుతోంది. కుర్రసారు బిస్కట్లు తింటూ నవ్వాడు.

"చూశారా అక్కా, కోలుకుంది. మొండిఘటం."

"పోన్లెండి, బతికింది," అంటూ ఆవిడ గొట్టం తీసింది. ఐదు ఎలుకలు మూలకి పోయాయి. మూడోది మాత్రం ముందుకొచ్చి, వెనక కాళ్ళ మీద లేచి, గొట్టం వాసన చూసి, కొసన ఉన్న చుక్కని నాకింది. దెబ్బ రుచి తెలియని కొత్త పిల్లాడు మేష్టారి బెత్తాన్ని ముట్టుకుని చూస్తాడు చూడండి, అచ్చం అలాగే.

ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"సారూ, పాత మూడోది ఏది?"

"ఇదేగా."

"దీనికి గొట్టమంటే భయం లేదు."

"ఎలుక వచ్చి సాక్ష్యం చెబుతుందా ఏంటి?"

"ఇప్పుడే చెప్పింది కదా."

సారు గొంతు తగ్గించాడు. "ఒక్కటేగా పోయింది. మళ్ళీ మొదటికొస్తే ఏడాది వృథా. ఆరూ బాగున్నాయని సంతకం పెట్టెయ్యండి, మీ అక్కగారి మోకాళ్ళ కోసమైనా." అంటూ బిస్కట్ల పొట్లం ఆవిడ ముందుకు చాపాడు. ఎలుకని మార్చిన చేత్తోనే.

పదకొండేళ్ళుగా ఉచ్చ, విరేచనం, కుళ్ళు ఎత్తిపోసిన మనిషికి ఆ పొట్లం చూస్తే వచ్చినంత రోత ఎప్పుడూ రాలేదు. దాన్ని పక్కకి నెట్టి వెళ్ళి, చచ్చినవాటిని దాచే ఫ్రీజరు తెరిచింది. అడుగున నల్ల కవరు. లోపల బిగుసుకుపోయిన ఎలుక, తోక మీద మూడు గీతలు, తను గీసినవే, సగం చెరిగి ఉన్నాయి.

కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసింది: "మూడోది చచ్చిపోయింది. కేజీలో ఉన్నది వేరేది. చచ్చింది ఫ్రీజరులో ఉంది." కింద సంతకం పెట్టి, నేరుగా పరిశోధనశాల నడిపే పెద్ద మేడమ్ బల్ల మీద పెట్టి వచ్చింది. తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆవిడకే తెలియదు.

సాయంత్రం ఫోను మోగింది.

"ఎలుకలు బాగున్నాయిటే?"

"ఒకటి చచ్చిపోయిందక్కా. నీ పేరు తీయించెయ్."

"మరి నా మోకాళ్ళు?"

"నొప్పెడితే పెట్టనీ. మనిషివి మిగులుతావు."

"పాపం, ఆ ఎలుక బాధపడిందంటావా?"

ఆవిడ తన కుడిచెయ్యి వైపు చూసుకుంది. శనివారం ఆ గూని వీపుని పట్టుకుని మందు పోసిన చెయ్యి అది.

"పడే ఉంటుంది. తర్వాత మాట్లాడతాలే," అని ఫోను పెట్టేసి, మూడోసారి సబ్బు తీసుకుంది.