మరి బిడ్డేటైనాదే?

ఈ నెలలో రెండు నవలలు చదివాను, ఒకటి ప్రేమది, ఒకటి దెయ్యాలది. ప్రేమ నవలలో కథానాయకుడికి కారుంది, తోట ఉంది, ఎప్పుడు చూసినా తీరిక ఉంది. అయినా చివరి పేజీలో వాళ్ళ పిల్లవాడు అన్నం తినకుండా మారాం చేస్తున్నాడు. ఆ ఒక్క పేజీ కోసం మిగిలిన చప్పదనమంతా క్షమించేశాను. దెయ్యాల నవల మాత్రం మోసం చేసింది. చివరికొచ్చేసరికి ఆ దెయ్యం ఆస్తి కోసం నల్ల కంబళి కప్పుకుని తిరిగే పినతండ్రి అని తేలింది. మా అత్తకు చెబితే, "కంబడి కప్పుకున్నోడికి బయపడ్డానికి ఇన్నాళ్ళు సదివినావేటే?" అని నవ్వింది.

మా అత్తకు అక్షరం రాదు. అయినా నాకు నవలలు చదవడం నేర్పింది ఆమే. అది జరిగి రెండేళ్ళు దాటింది.

మా పుట్టింటి ఊళ్ళో బడి ఏటికి అవతల ఉండేది. ఆడపిల్లను ఏరు దాటించడం ఇష్టం లేక మా నాన్న నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి, పురాణం పుస్తకాలే వాచకాలుగా చదువు చెప్పాడు. అందుకని నాకు చదవడమంటే ఒకటే పద్ధతి తెలుసు. కాళ్ళు కడుక్కుని కూర్చోవాలి, పుస్తకాన్ని కళ్ళకద్దుకోవాలి, పైకి రాగం తీసి చదవాలి.

పెళ్ళై సాలూరు వచ్చాను. మా ఆయన లారీ నడుపుతారు. కొండల్లో ఘాటీ రోడ్డెక్కి ఒరిస్సా వైపు వెళితే మళ్ళీ ఇంటి ముఖం ఎప్పుడు చూస్తారో ఆ దేవుడికే తెలియాలి. మొదటిసారి నాకు ఐదో నెలలో కడుపు పోయింది. మళ్ళీ నిలిచినప్పుడు మిషను ఆసుపత్రి డాక్టరమ్మ చూసి, పురుడొచ్చేదాకా మంచం దిగకూడదంది. కాళ్ళ వైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టించమంది. కాళ్ళు ఎత్తుగా, తల పల్లంగా పెట్టుకుని, పెంకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలు చూస్తూ, ఈ బిడ్డయినా దక్కుతుందా అని ఒకటే ఆలోచన. అన్నం పెట్టడం దగ్గర్నుంచి తల దువ్వడం దాకా అన్నీ అత్తే చేసేది.

నా దిగులు చూడలేక మా ఆయన విజయనగరంలో లారీ ఆపి, అద్దె పుస్తకాల కొట్టులో చేతికందిన నవలలన్నీ సంచిలో వేసుకొచ్చారు. అత్త ఆ సంచిని నేల మీద గుమ్మరించి, అట్ట మీద బొమ్మలు చూసి రెండు కుప్పలు చేసింది. పుర్రెలూ, ఎర్ర కళ్ళూ, పాడుబడ్డ బంగళాలూ ఉన్నవి ఎత్తి రేకు పెట్టెలో వేసింది.

"దెయ్యాల కతలు కడుపుతోటున్నది సదవకూడదు. నోపలున్న పసిగుంట దడుసుకుంటాది."

ఆడా మగా నవ్వుతున్న బొమ్మలున్నవి నా పక్కన పెట్టింది. "ఈటిలో బయమేటుంటాది? నవ్వుకుంటన్నారు గదా. సదువుకో."

ఆ నవలలకు నేను రుణపడి ఉన్నాను. మధ్యాహ్నాలు ఎలా గడిచేవో తెలిసేది కాదు. వాటిలో అందరూ చిన్న మాటకు అపార్థం చేసుకుని పుస్తకమంతా దూరమైపోతారు. ఎదురుగా నిలబడి ఒక్క మాట అడిగితే పోయేదానికి ఇంత గొడవేమిటా అనుకుంటూనే కన్నీళ్ళు పెట్టుకునేదాన్ని.

వాటిలో ఒకదాని అట్ట మీద పడవలో ఇద్దరున్నారు. అమ్మాయి వీణ వాయిస్తుంది, అతను డాక్టరు. సగం దాకా రచయిత చాలా బాగా రాశాడు. ఆమె రైలు తప్పిపోయిందని తెలిసి కూడా అతను స్టేషనులో కూర్చునే ఉంటాడు. ఆ చోట నాకు మా ఆయన లారీ చప్పుడు కోసం వినడం గుర్తొచ్చింది. తరువాత ఆ అమ్మాయి నీళ్ళోసుకుంది. అక్కడ పుస్తకం మూసేద్దామనుకున్నాను. ఆగలేక చదివాను. పురిట్లో ఆమె అతని చెయ్యి పట్టుకుని, ఈ వెన్నెలను మరిచిపోవద్దని చెప్పి చచ్చిపోయింది.

అత్త చేటలో చోళ్ళు చెరుగుతోంది. నన్ను చూసి చేట దించేసింది.

"ఏటే, ఏడుస్తన్నావు? నొప్పేటైనా వొచ్చినాదా?"

"నొప్పి కాదత్తా. ఆ పిల్ల సచ్చిపోనాది."

"ఏ పిల్ల? ఏ ఈదిలో?"

"పుస్తకంలో."

"ఓలమ్మో, నా పానం తోడేసినావు గదే!" పీట లాక్కుని మంచం దగ్గర కూర్చుంది. "ఎలాగ సచ్చిపోనాది? సెప్పు."

చెప్పకూడదనుకున్నాను, కానీ నోరు ఆగలేదు. "పురిట్లో."

ఆమె అట్ట మీది పడవ బొమ్మ వైపు చూసింది. పుస్తకం తీసి బయట పారేస్తుందనుకున్నాను. ఆమె అడిగింది వేరు.

"మరి బిడ్డేటైనాదే?"

నాకు గుర్తు రాలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ పేజీలు తిప్పాను. అతను ఏటి ఒడ్డున తిరిగాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. జుట్టు నెరిసింది. చివరికి వెన్నెల్లో కూర్చున్నాడు. బిడ్డ బతికిందో లేదో, ఆడో మగో, ఒక్క మాట లేదు.

"రాయనేదత్తా."

"రాయనేదేటి? ఏడిసినాదా నేదా? ఎవులు పాలిచ్చినారు?"

"అదీ రాయనేదు."

"ఆ మొగోడు ఎన్నెల్లో కూకున్నాడన్నావు గదా. ఒళ్ళో బిడ్డున్నాదా?"

"వీణున్నాది."

"అయితే ఈణకి పాలట్టినాడు కావాల!"

ఏడుపు మధ్యలో నాకు నవ్వొచ్చింది. నవ్వితే కడుపు కదులుతుందేమోనని భయమేసింది. అత్త తన అరచెయ్యి నా పొట్ట మీద ఆనించి పట్టుకుంది.

"పురుడంటే బిడ్డ కోసం. బిడ్డ మాటే మర్సిపోనోడు సెప్పిన సావుకి నువ్వేడుస్తావేటే? ఆడి మాట నమ్మకు."

ఎన్ని పూజల్లోనూ దొరకని ధైర్యం ఆ మాటలో దొరికింది. దాన్ని ఆమె నోట పలికించినది భగవంతుడేనని నా నమ్మకం.

ఆమె లేచి వెళ్ళి రేకు పెట్టెలోంచి పాడుబడ్డ బంగళా బొమ్మ పుస్తకం తెచ్చింది. "నవ్వు బొమ్మ పుస్తకమే ఇలాగేడిపించినాది, ఇంక దెయ్యాలదేటి సేస్తాది? ఇది పైకి సదువు. నానూ ఇంటాను. మరీ బయమైన కాడ ఆపెయ్యి."

అలవాటుగా కళ్ళకద్దుకున్నాను.

"దెయ్యాల పుస్తకాన్ని కళ్ళకద్దుకుంటావేటే, ఎర్రిదానా!"

అలవాటుగానే రాగం కూడా తీశాను. "ఆ పాట ఆపు, దెయ్యం నిద్దరపోతాది," అంది.

ఆ నవల రచన మోటు. పేజీ పేజీకీ గుడ్లగూబ అరుస్తుంది, కిటికీ తలుపులు ఊరికే కొట్టుకుంటాయి. కథ మాత్రం ఇప్పటికీ నాతోనే ఉంది. కొండ మీది బంగళాలో సాయంకాలమయ్యేసరికి ఖాళీ ఉయ్యాల దానంతటదే ఊగుతుంది. అక్కడ దిగిన వాళ్ళందరూ పారిపోతారు. చివరికి కాపలావాడి భార్య ధైర్యం చేసి తన మనవరాలిని ఆ ఉయ్యాలలో పడుకోబెడుతుంది. ఉయ్యాల నెమ్మదిగా ఊగుతుంది, పిల్ల హాయిగా నిద్రపోతుంది. బిడ్డను పెంచుకోకుండానే పోయిన ఒక తల్లి అలా రోజూ వస్తోందన్నమాట.

"దీన్ని దెయ్యం అన్నోడెవుడు? తల్లి గదా," అంది అత్త.

ఆ సాయంత్రం దేవుడి దగ్గర దీపంలో రోజూ వేసే వత్తి కాక ఇంకొకటి వేసింది. అది బంగళాలోని తల్లికో, నా కడుపులో నిలవని మొదటి బిడ్డకో నేను అడగలేదు. పడుకునే దండం పెట్టుకున్నాను. మరునాటి నుంచి కుప్పలు రెండూ కలిపేసి, మధ్యాహ్నం పూట వరసగా చదువుకున్నాం. దెయ్యాల కథల్లో నాకు నచ్చింది అదే. ఎంత భయపెట్టినా, ఎవరో ఒకరు తలుపు తీసి లోపలికి వెళతారు. నేను కూడా వెళ్ళవలసిన గది ఒకటి ముందుంది కదా.

నొప్పులు తెల్లవారుజామున వచ్చాయి. మా ఆయన ఊళ్ళో లేరు. పక్కింటి డ్రైవరు లారీలో నన్ను ఆసుపత్రికి చేర్చాడు. అతను చల్లగా ఉండాలి. నా నోటికి వెన్నెల మాటలేవీ రాలేదు. అత్తా అత్తా అని అరిచానట. మధ్యలో కొంత నాకు గుర్తు లేదు.

కళ్ళు తెరిచేసరికి అత్త ముఖం కనిపించింది. ఆమె ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. అడుగుదామంటే నాలుక తిరగలేదు.

"బిడ్డేటైనాదని అడగవేటే?" అంది. తెల్ల గుడ్డలో చుట్టినదాన్ని నా భుజం పక్కన పడుకోబెట్టింది. "ఆడగుంట. ఏడుస్తన్నాది, ఇన్నావా?"

విన్నాను. దేవుడికి దండం పెట్టుకుందామంటే చేతులు లేవలేదు. మా అత్త నా రెండు చేతులూ పట్టుకుని తనే కలిపింది.