బుచ్చమ్మ తనతో తాను అనుకున్న మాట

మోతె చుట్టుపక్కల నాట్లు వేసే ముఠాలు ఎన్ని ఉన్నా, బుచ్చమ్మ ముఠా దొరికితే రైతు నిశ్చింతగా ఇంటికి పోయి పడుకుంటాడు. మొత్తం పద్నాలుగు మంది ఆడవాళ్లు. గట్టు పక్కన మొదట బుచ్చమ్మ వంగుతుంది, ఆమెను చూసి మిగతా పదమూడు మంది వంగుతారు. ఆమె చెయ్యి ఎంత ఎడంగా నాటితే వాళ్ల చేతులూ అంతే ఎడంగా నాటుతాయి. నోటి సంగతీ అంతే. బుచ్చమ్మ ఏది అంటే దాన్ని వరుసంతా అందుకుంటుంది. ముప్పై ఏళ్లుగా పడిపోయిన అలవాటు. నిరుడు కాలికి జలగ పట్టుకుంటే ఆమె "అబ్బ, జలగ పట్టెనే" అన్నది. పదమూడు గొంతులు వెంటనే "జలగ పట్టెనే" అని రాగం తీశాయి. జలగను పీకినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఆ మడి అయిపోయేదాకా అదే పాట నడిచింది.

అలాంటి బుచ్చమ్మ నాటు ఈ వానాకాలం వంకర పోయింది.

ఎడమ కంట్లో శుక్లం. అక్కడివాళ్లు మోతిబిందు అంటారు. మొదట బల్బు చుట్టూ ముగ్గు వేసినట్టు కనిపించింది. తర్వాత ఎదురుగా వచ్చే మనిషి ఎవరో, ఆ మనిషి మాట్లాడేదాకా తెలియకుండా పోయింది. సూర్యాపేట దవాఖానలో చూపించుకుంటే, ఎడమది ముదిరింది, కుడిది మొదలైంది, ఆలస్యం చేస్తే గట్టిపడుతుంది, అప్పుడు మాకూ కష్టం నీకూ కష్టం అని డాక్టరమ్మ చెప్పింది. కోదాడలో ఆపరేషన్‌కు ఒక రోజు రాసి ఇచ్చింది. సరిగ్గా ఆ రోజే బుచ్చమ్మకు జ్వరం వచ్చింది. వచ్చిందని ఆమె చెప్పింది. భర్త లింగస్వామి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, గొడ్ల దగ్గరికి పోయాడు. మళ్లీ ఇంకో రోజు రాయించారు. నాట్లు ముగిసే వారం దాటగానే, సోమవారం. ఈసారి కూడా తప్పిపోతే తర్వాత సంగతి తాము చెప్పలేమన్నారు.

జ్వరం లేదు, పాడు లేదు. అసలు సంగతి ఫోను.

కూతురు కళ్యాణి మిర్యాలగూడలో అంగన్‌వాడీ టీచరు. కొత్తది కొనుక్కున్నాక తన పాత ఫోను తల్లికి ఇచ్చింది. బుచ్చమ్మకు చదువు రాదు గానీ ఆ ఫోనుకు నోటితో చెబితే చాలు. మైకు బొమ్మ నొక్కి "కంట్లో మోతిబిందు" అన్నది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన వచ్చి ఆపరేషన్ చేయించుకుంటే కన్ను పోతుందన్నాడు. ఇంకొకాయన వచ్చాడు, ఆయనదీ తెల్లకోటే, చేయించుకోకపోతే పోతుందన్నాడు. ఒకామె ఉల్లిగడ్డ రసం పిండమన్నది. ఒకామె తేనె అన్నది. మరొకామె ఆ రెండూ వేస్తే ఉన్న చూపు కూడా పోతుందన్నది. ఆ తర్వాత బుచ్చమ్మ ఏమీ అడగకముందే ఫోను తనంతట తానే కండ్లు తెచ్చి చూపించడం మొదలుపెట్టింది. కట్టు కట్టిన కండ్లు, ఎర్రబడ్డ కండ్లు, ఏడ్చే ఇల్లాళ్లు. నా కన్ను సంగతి దీనికి ఎవరు చెప్పారని ఆమె ఫోనును తిప్పి వెనక కూడా చూసింది.

చూడకుండా ఉండలేకపోయింది. పొద్దున్నే పొయ్యి అంటించకముందు ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి. పొలంలో అయితే ఫోనును ప్లాస్టిక్ కవరులో చుట్టి నడుముకు దోపుకునేది. అది చెబుతూ పోతుంటే ఈమె వింటూ నాటుతుండేది. పక్కవాళ్లూ వినేవారు, వినక ఎక్కడికి పోతారు.

జంగయ్య మడిలో నాటేటప్పుడు ఆయన గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. మంచి రైతు, నోరు జారే మనిషి కాదు. వెళ్లేముందు దగ్గరికి వచ్చి, రేపు మరియమ్మను ముందు నిలబెడితే ఎట్లా ఉంటుందని మెల్లగా అడిగాడు. బుచ్చమ్మ తల ఎత్తలేదు. మరియమ్మ విననట్టు నారుకట్ట విప్పుకుంటూ ఉండిపోయింది. ఆ రోజు ఇంటికి వచ్చాక బుచ్చమ్మ అన్నం ముట్టలేదు.

ఆదివారం కళ్యాణి వచ్చింది. తల్లి ముఖం చూసి, ఫోను తీసుకొని అందులో ఏముందో చూసి, తల పట్టుకున్నది. ఈ మధ్య తమకు ట్రైనింగ్ పెట్టారని, పొద్దున లేవగానే మనిషి తనతో తాను ఏమనుకుంటే రోజంతా అదే నడుస్తుందని, కడుపులోకి ఏం పోతున్నదో చూసుకున్నట్టే కండ్లలోకి, చెవుల్లోకి ఏం పోతున్నదో చూసుకోవాలని అక్కడ చెప్పారని అన్నది. ఆ వీడియోలు బందు పెట్టమన్నది. వాటి బదులు ఒక మంచి మాట అనుకోమన్నది.

"ఎవలతోని అనాలె?" అని బుచ్చమ్మ అడిగింది.

"నీతోని నువ్వే అనుకో అమ్మా. ఏం కాదు బుచ్చమ్మా, నీతోని అయితది అనుకో."

"నాతోని నేను మాట్లాడుకుంటే పిచ్చి లేసిందంటరు."

"పైకి ఎందుకు? లోపల అనుకో."

"లోపల అంటే ఏడ?"

కళ్యాణి నవ్వింది గానీ బుచ్చమ్మ నవ్వులాటకు అడగలేదు. ఆమెకు నిజంగానే తెలియదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆమెకు ఒక మాట తోచడమూ నోట్లోంచి రావడమూ ఒకేసారి జరిగేవి. మధ్యలో ఒక గది ఉంటుందని, అక్కడ మాటను దాచుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. పైగా ఇంకో అనుమానం. చెప్పేదీ తానే, వినేదీ తానే అయితే, చెప్పేదానికి నిజం తెలియదని వినేదానికి తెలుసు కదా. అట్లాంటప్పుడు వినేది ఎందుకు నమ్మాలి? ఈ మాట అడిగితే కళ్యాణి, ట్రైనింగ్‌లో అది చెప్పలేదన్నది. సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయింది.

మరునాడు బుచ్చమ్మ గోడకున్న అద్దం ముందు నిలబడింది. అద్దం నిండా పాత బొట్టుబిళ్లలు. వాటి మధ్య తన ముఖం మసకగా కనిపించింది. "ఏం కాదు" అన్నది. లింగస్వామి వాకిట్లోంచి తొంగి చూసి, ఎవరొచ్చారని అడిగాడు. ఎవరూ రాలేదన్నది. మరి ఎవరితో అంటున్నవని అడిగాడు. "బుచ్చమ్మతోని" అన్నది. ఆయన తలూపి, బుచ్చమ్మ వస్తే జర చాయ్ పెట్టమని చెప్పన్నాడు. అంతటితో అద్దం పని ఖతమైంది.

పొలంలో అయితే ఎవరి చూపు అయినా బురద మీదే ఉంటుంది కదా అని అక్కడ మొదలుపెట్టింది. ఫోను ఇంట్లో వదిలేసి వచ్చింది. సన్నగా వాన పడుతున్నది. తలల మీద ప్లాస్టిక్ సంచులు కప్పుకొని అందరూ వంగారు. బుచ్చమ్మ పెదాలు కదిలీ కదలకుండా "ఏం కాదు బుచ్చమ్మా" అనుకున్నది. లోపలే అనుకున్నాననుకున్నది. పక్కనుంచి మరియమ్మ "ఏం కాదు బుచ్చమ్మా" అని ఎత్తుకున్నది. ఆమె పక్కన కమ్లి, ఆ పక్కన ఇంకొకతె, మడి ఆ చివరి దాకా పోయింది. కొత్త పాట అనుకున్నారు. నాలుగోసారికి రాగం కూడా కుదిరింది. తర్వాత ఎవరి పేరు వాళ్లు పెట్టుకున్నారు, ఏం కాదు మరియమ్మా, ఏం కాదు కమ్లీ. బుచ్చమ్మకు సిగ్గేసింది. కానీ పదమూడు మంది అంటుంటే ఆ మాట, తానొక్కతే అన్నప్పుడున్నంత అబద్ధంగా అనిపించలేదు. ఎందుకో అర్థం కాలేదు.

ఇది రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు పొద్దున, ఒక్కసారి చూసి పక్కన పెడదామని ఫోను తీసింది. ఒక్కటే చూసింది. కట్టు విప్పాక కూడా చీకటేనని ఒక ముసలాయన ఏడుస్తున్నాడు. అది నిజమో కట్టుకథో, ఏ ఊరో, ఎవరో ఏమీ లేదు. ఏడుపు మాత్రం ఉంది. ఫోను ఇంట్లోనే పెట్టినా, ఆ ఏడుపును వెంటబెట్టుకొని పొలానికి వచ్చింది.

నాటుతూ నాటుతూ ఎక్కడో పోయింది మనసు. నారు పెడుతున్నది, వెనక్కి అడుగు వేస్తున్నది, మళ్లీ పెడుతున్నది. చాలాసేపటికి చెవుల్లో ఏదో పడింది. వరుసంతా పాడుతున్నది. మంచి ఊపు మీద పాడుతున్నది.

"కన్ను పోతదే, పోతదే. దవాఖానకు పోతే ఖతమైతదే."

బుచ్చమ్మ నడుము ఎత్తింది. చేతిలో నారు నీళ్లలో పడింది.

"ఎవల కన్ను పోతదే?" అని అరిచింది.

పాట ఆగింది. పదమూడు మంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మరియమ్మ మెల్లగా చెప్పింది. "నువ్వే అంటివి గదక్కా. మేం అందుకున్నం."

"నేను అననే లేదు."

"అన్నవక్కా. ఇయ్యాల ఒక్కరోజు గాదు. నాట్లు మొదలైన కాడికెళ్లి అంటనే ఉన్నవ్. నడుమ రెండు రోజులు ఏం కాదు అంటివి, అది పాడినం. మళ్ల ఇది అంటివి, ఇది పాడుతున్నం."

బుచ్చమ్మకు కాళ్ల కింద బురద ఇంకా లోతుకు పోయినట్టయింది. తన లోపల తిరుగుతున్నదనుకున్న మాట ఇన్నాళ్లూ మడి మీద తిరిగింది. మరి తాను అనుకుంటున్న మాట తనకు వినబడకుండా వీళ్లకు ఎట్లా వినబడింది? అది తన మాటేనా, ఫోనుదా? ఫోను ఇంట్లోనే ఉన్నప్పుడు కూడా వచ్చిందంటే ఇక అది ఎవరిదని చెప్పాలి?

కమ్లి గట్టు మీదికి ఎక్కి కాళ్లు కడుక్కుంటున్నట్టు నిలబడింది. తండా పిల్ల, ముఠాలో అందరికంటే చిన్నది, ఊరికే నోరు విప్పదు.

"మా అత్తకు గూడ మోతిబిందేనక్కా," అన్నది. "మొన్ననే కోదాడకు తోల్కపోయేది ఉండె. నీ ఫోన్ల చెప్పింది విన్న, నువ్వన్నది విన్న. ఇంటికి పోయి వద్దని చెప్పిన. ఇప్పుడు ముసల్ది మంచం దిగాలంటే గోడ వట్టుకుంటది."

వాన కొంచెం పెద్దదైంది. బుచ్చమ్మ కిందపడిన నారు ఏరుకొని మళ్లీ వంగింది. ఆ పూటంతా నోట మాట రాలేదు. ఆమె మాట్లాడకపోతే వరుసా మాట్లాడలేదు. పద్నాలుగు మంది నోళ్లు మూసుకొని నాటు వేయడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు. జంగయ్య వచ్చి, ఎవరైనా పోయారా అని అడిగాడు.

సాయంత్రం ఇంటికి వస్తుంటే కాలువ తూము దగ్గర లింగయ్య కనిపించాడు. నీళ్లు వదిలే మనిషి. ఆయనకు రెండేళ్ల కిందట రెండు కండ్లకూ ఆపరేషన్ అయింది. ఊరంతటికీ తెలుసు, బుచ్చమ్మకూ తెలుసు. ఇన్ని నెలలు ఫోనులో ఎక్కడెక్కడి వాళ్లనో అడిగింది గానీ, రోజూ ఎదురయ్యే ఈ మనిషిని అడగాలని ఒక్కనాడూ తోచలేదు. అది తలచుకుంటే తన మీద తనకే కోపం వచ్చింది.

"లింగయ్యన్నా, ఆపరేషన్ల ఏమైతది?"

లింగయ్య చాలాసేపు గుర్తు చేసుకున్నాడు. "ఏం యాదికి లేదు చెల్లె. చుక్కలేసిండ్రు, పండబెట్టిండ్రు, లేపిండ్రు."

"నొప్పి?"

"ఏదో గుంజినట్టు ఉండె. కడమ ఏం ఎరుక లేదు."

"తర్వాత మంచిగ కనబడ్డదా?"

"కనబడ్డది. ఇల్లంత దుమ్మే కనబడ్డది. మా ఆమె ముసల్దైందని గూడ గప్పుడే తెలిసింది."

బుచ్చమ్మకు ఇది మంచి మాటో చెడ్డ మాటో తేలలేదు. భయపెట్టలేదు. ధైర్యమూ చెప్పలేదు. ఇంటిదాకా నడుస్తూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏం కాదు అనడానికి నోరు రావడం లేదు, ఎందుకంటే ఏమైనా కావచ్చు. కన్ను పోతది అనడానికీ నోరు రావడం లేదు, ఎందుకంటే పదమూడు మంది నోట అది విన్నది. మరి మనిషి తనతో తాను ఏమనుకోవాలి? ఫోను తీసి మైకు బొమ్మ మీద వేలు పెట్టింది. ఏమని అడగాలో తెలియక వేలు తీసేసింది. కళ్యాణికి ఫోను చేసి, ఆ కండ్ల వీడియోలు రాకుండా ఎట్లా ఆపాలో అడిగింది. మూడు చుక్కలు నొక్కి, వద్దు అన్నదాన్ని నొక్కాలని కళ్యాణి చెప్పింది. ఏది వద్దు అన్నదో చదవరాదు కాబట్టి లింగస్వామి కళ్లద్దాలు పెట్టుకొని కూర్చొని ఒక్కొక్కటే నొక్కాడు. నొక్కుతూ ఒకటి రెండు చూశాడు కూడా. తర్వాత ఆయనా కాసేపు కన్ను నలుపుకున్నాడు.

ఆ మరునాడు బుచ్చమ్మ పొలానికి పోలేదు. మరియమ్మను ముందు నిలబడమని కబురు పంపి, తాను తండాకు పోయింది. కమ్లి అత్త మంచంలో ఉన్నది. తాను విన్నదీ అన్నదీ తెలియక అన్నానని, సోమవారం తనతో కోదాడకు రమ్మని బుచ్చమ్మ అడిగింది. ముసలామె వెంటనే ఒప్పుకోలేదు. నిన్నటిదాకా నువ్వే వద్దంటివట కదా, ఇవాళ నువ్వే రమ్మంటివి, రేపు ఇంకేమంటవో అన్నది. తనకూ అదే అనుమానంగా ఉన్నదని బుచ్చమ్మ ఒప్పుకున్నది. ఎందుకో ఆ మాటకే ముసలామె వస్తానన్నది.

సోమవారం బస్సులో బుచ్చమ్మ, కమ్లి, కమ్లి అత్త. ముందు సీటులో లింగస్వామి. దారి పొడవునా ఆకుపచ్చ మసక. ఏది తన ముఠా వేసిందో, ఏది ఇంకొకరు వేసిందో బుచ్చమ్మకు తెలియలేదు. కోదాడ దవాఖానలో పేర్లు రాసుకున్నారు, బీపీ చూశారు, కంట్లో చుక్కలు వేశారు. మళ్లీ వేశారు. తలకు నీలం గుడ్డ టోపీ పెట్టి బెంచీ మీద వరుసగా కూర్చోబెట్టారు. చుక్కలకు ఆ ఉన్న చూపు కూడా చెదిరిపోయింది.

లోపలికి పోవాల్సిన మొదటి పేరు కమ్లి అత్తది. నర్సు పిలిచింది. ముసలామె లేవలేదు. చేత్తో తడుముకొని బుచ్చమ్మ మోచెయ్యి దొరకబుచ్చుకున్నది.

"ఏమైతదమ్మా లోపల?" అని అడిగింది.

బెంచీ మీదున్న వాళ్లంతా బుచ్చమ్మ వైపు తిరిగారు. ఆమె నోటి చివర ఒక మాట వచ్చి ఆగింది, ఇంకొకటి వచ్చి అదీ ఆగింది. రెంటినీ ఆపగలిగినందుకు ఆమెకే ఆశ్చర్యమైంది. నర్సు రెండోసారి పిలిచింది. బుచ్చమ్మ లేచి చీర కుచ్చెళ్లు సర్దుకున్నది.

"నాకూ తెల్వదు," అన్నది. "నేను ముందుగాల పోతున్న. వచ్చి చెప్త."

తన పేరు ముందు పెట్టమని నర్సును అడిగి, గోడ పట్టుకుంటూ లోపలికి నడిచింది.